షాద్‌నగర్‌లో దిగే చిత్రం ఊరి దాకా రావాలి

మన ఉపగ్రహాలు నేలను చూసి పంపే సమాచారం దేశంలో ప్రధానంగా దిగే చోటు పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా గడ్డ. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, అందరూ పిలిచే పేరు ఎన్‌ఆర్‌ఎస్‌సీ, తన భూకేంద్రాన్ని షాద్‌నగర్ దగ్గర పెట్టుకుంది. 1970ల చివర అమెరికా వాళ్ల లాండ్‌శాట్ చిత్రాలను అందుకోవడంతో అక్కడ పని మొదలైంది. 1988 మార్చి 17న మన తొలి పూర్తిస్థాయి రిమోట్ సెన్సింగ్ ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఎ సోవియట్ యూనియన్‌లోని బైకనూర్ నుంచి ఎగిరింది. అప్పటి నుంచి, 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ దాకా, ఎన్నో తరాల ఉపగ్రహాలు ఈ చోటుతో మాట్లాడాయి. 2016లో జిల్లాలు చీలినప్పుడు షాద్‌నగర్ రంగారెడ్డిలోకి పోయింది. పటం మీద గీత మారింది తప్ప ఆ యాంటెన్నాల కింద ఉన్నది పాలమూరు చెల్క నేలే.

అక్కడికి దగ్గర్లోని ఊళ్లో రైతు చేతికి మాత్రం తన చెరువు గత ముప్పై ఏళ్లలో ఏ ఏడు ఎంత నిండిందో చూపించే కాగితం రాదు. తన మండలాన్ని కరవు జాబితాలో చేర్చారో వదిలేశారో పేపర్లో చదివి తెలుసుకోవాల్సిందే. ఏ లెక్కన వదిలేశారో చెప్పేవాళ్లు ఊళ్లో ఉండరు. పైనుంచి చూసే కన్ను అధికారుల దగ్గర ఉంది, పరిశోధకుల దగ్గర ఉంది, బీమా కంపెనీల దగ్గర ఉంది. అది ఎవరి పొలాన్ని, ఎవరి చెరువును, ఎవరి అడవిని చూస్తోందో వాళ్ల దగ్గర లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి మెట్ట ప్రాంతాలు మారుతున్న వాతావరణాన్ని తట్టుకోవాలంటే ముందు ఈ లోటు తీరాలి.

ఈ సాంకేతికత ఎంత దూరం వచ్చిందో గుంటల లెక్కలో చెబితే తేలిగ్గా తెలుస్తుంది. ఉపగ్రహ చిత్రంలో అతి చిన్న గడిని పిక్సెల్ అంటారు. ఐఆర్‌ఎస్-1ఎ మొదటి కెమెరాకు ఆ గడి నేల మీద 72.5 మీటర్ల చదరం. అంటే దాదాపు ఎకరం 12 గుంటలు. అంతకంటే చిన్న మడి దాని కంటికి ఆనేది కాదు. లాండ్‌శాట్ గడి 30 మీటర్లు, సుమారు 9 గుంటలు. మన రిసోర్స్‌శాట్‌లోని లిస్-3 కెమెరా గడి అయిదున్నర గుంటలు. 2015 నుంచి యూరప్ వాళ్ల సెంటినల్-2 ఉపగ్రహాలు 10 మీటర్ల గడితో చూస్తున్నాయి. అది ఇంచుమించు ఒక్క గుంట. రెండెకరాల చెల్క ఉన్న రైతు పొలం ఈ రోజు ఆకాశం నుంచి 80 గడులుగా కనిపిస్తోంది. రెండు ఉపగ్రహాలు వంతులు పడి అయిదు రోజులకోసారి ఆ పొలం మీదుగా వెళ్తాయి. ఆ చిత్రాలను ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు.

పచ్చగా ఉన్న ఆకు సూర్యకాంతిలోని ఎరుపును మింగేసి, మన కంటికి కనిపించని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. ఎండిపోతున్న ఆకు ఆ పని చేయలేదు. ఈ రెండు కాంతుల తేడాను లెక్కగట్టి తీసే సంఖ్యను వృక్ష సూచీ అంటారు. దేశంలో కరవు అంచనాకు 1989లో మొదలైన జాతీయ వ్యవస్థకు ఈ సంఖ్యే ఆధారం. అయితే మన దగ్గర పంట మొలకెత్తి నిలబడే జులై, ఆగస్టు నెలల్లో మబ్బులు కమ్ముకుంటాయి. మామూలు కెమెరాకు మబ్బు అడ్డం. అక్కడ రాడార్ ఉపగ్రహాలు పనికొస్తాయి. అవి తామే రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చిన దాన్ని చదువుతాయి కాబట్టి వాటికి మబ్బూ రాత్రీ లెక్కలేదు. 2012లో వెళ్లిన రీశాట్-1, 2022లో వెళ్లిన ఈఓఎస్-04 అలాంటివే. నైసార్ కూడా ఈ కోవదే. 12 మీటర్ల వ్యాసం ఉన్న దాని యాంటెన్నా ప్రతి 12 రోజులకు భూమి మీది నేలంతటినీ ఒక చుట్టు చూసి వస్తుంది. మట్టిలో తేమను, నేల కుంగడాన్ని, పంట ఎదుగుదలను అంచనా వేయడానికి పనికొచ్చే సమాచారం దాని నుంచి వస్తోంది.

ఇంత శక్తి ఉన్న పరికరాన్ని ముందుగా ఎక్కడ వాడాలి? ఈ ప్రాంతం వరకు జవాబు ఒకటే. చెరువుల మీద.

పాత మహబూబ్‌నగర్‌లో ఏడాదికి 600 మిల్లీమీటర్ల చుట్టూ, పాత నల్లగొండలో 750 చుట్టూ వాన పడుతుంది. అడుగున గ్రానైట్ రాయి. పడిన వాన నిలవాలంటే కట్ట కట్టాల్సిందే అని తెలిసిన పాతకాలపు వాళ్లు వాగు పొడవునా చెరువులను వరసగా కట్టారు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేవి. ఈ గొలుసులో ఒక్క చెరువు కాలువ పూడినా కింది ఊళ్లకు ఎండే మిగులుతుంది. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ ఈ గొలుసును మళ్లీ బతికించడానికే. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను బాగు చేయాలన్నది లక్ష్యం. పూడిక తీశారు, తూములు మార్చారు, కట్టలు గట్టిపరిచారు. పూడిక మట్టిని రైతులు ట్రాక్టర్లలో తమ పొలాలకు తోలుకున్నారు. చాలా ఊళ్లలో మంచి జరిగింది. కొన్ని ఊళ్లలో బిల్లులే మిగిలాయని జనం అన్నారు. ఏ ఊళ్లో ఏం జరిగిందో తేల్చడానికి ఇప్పుడు ఎవరి మాటా వినక్కర్లేదు. పూడిక తీయకముందు పదేళ్లు, తీసిన తరువాత పదేళ్లు ఆ చెరువులో నీళ్లు ఎంత మేర పరుచుకున్నాయో, ఎన్ని నెలలు నిలిచాయో ఉపగ్రహ చిత్రాల్లో భద్రంగా ఉంది.

ఇది ఊహతో అంటున్న మాట కాదు. 1984 నుంచి 2015 వరకు లాండ్‌శాట్ తీసిన 30 లక్షల చిత్రాలను యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం గూగుల్ కంప్యూటర్ల మీద జల్లెడ పట్టి, ప్రపంచంలో ఎక్కడ నీళ్లు ఉండేవి, ఎక్కడ పోయాయి, ఎక్కడ కొత్తగా వచ్చాయి అని 2016లో ఒక పటం తయారు చేసింది. అందులో మన చెరువులు కూడా ఉన్నాయి. నెట్ ఉన్న ఏ ఫోన్లో అయినా అది తెరుచుకుంటుంది. కానీ ఊరి పేరు తెలుగులో లేదు, చెరువు పేరు అసలే లేదు. ఫలానా ఊరి పెద్దచెరువు అని రాసి ఉన్నప్పుడే అది ఆ ఊరి పటం అవుతుంది. ఈ చిన్న పనిని రాష్ట్ర రిమోట్ సెన్సింగ్ అప్లికేషన్స్ కేంద్రం, నీటిపారుదల శాఖ కలిసి ఒక ఏడాదిలో చేయగలవు.

చెరువు నీళ్లు పరుచుకునే శిఖం భూముల దగ్గరికి వస్తే విషయం మరింత పదునెక్కుతుంది. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దునే ఎఫ్‌టీఎల్ అంటున్నారు. హైదరాబాద్‌లో 2024 జులైలో చెరువుల కబ్జాలను తొలగించే హైడ్రా ఏర్పడ్డాక ఎన్‌ఆర్‌ఎస్‌సీ పాత చిత్రాలు జనం నోళ్లలో పడ్డాయి. ఏ చెరువు ఎప్పుడు ఎంత కుంచించుకుపోయిందో వాటి ఆధారంగా చూపించారు. రాజధాని దాటితే ఆ ఊపు లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల అంచుల్లోనూ, జాతీయ రహదారుల పక్కనా ఎన్ని కుంటలు ప్లాట్లయ్యాయో చూసే వాళ్లు కావాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒక్క ఏడాది చిత్రం పట్టుకుని హద్దు గీస్తే అన్యాయం జరుగుతుంది. 2015 లాంటి ఎండు సంవత్సరంలో చిత్రం తీస్తే చెరువు గడ్డపొలంలా కనిపిస్తుంది. కబ్జాదారు అదే చిత్రాన్ని తెచ్చి ఇక్కడ చెరువే లేదని వాదించగలడు. గట్టి వానలు పడిన ఏడాది చిత్రం ఒక్కటే చూపిస్తే, వరద నాలుగు రోజులు నిలిచిన పట్టా పొలం కూడా చెరువులో కలిసిపోతుంది. అందుకే ముప్పై ఏళ్ల వరస మొత్తం పక్కపక్కన పెట్టి, రెవెన్యూ పటంతోనూ కట్ట ఎత్తుతోనూ సరిచూడాలి. పేదవాడి గుడిసె దగ్గర ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

మూసీ పక్క చెరువుల్లో ఇంకో చిక్కుంది. గుర్రపు డెక్క కమ్మేసిన నీటిని కెమెరా పచ్చని పొలంగా చదువుతుంది. చెరువు నిండా నీళ్లుండగానే ఎండిపోయినట్టు లెక్కలో పడుతుంది. కట్ట మీద నిలబడి చూసిన మనిషికి ఈ పొరపాటు జరగదు. చిత్రం తప్పు చదివిందని చెప్పగలిగేది ఆ ఊరి మనిషే. కాబట్టి ఊరికి చూపించడం ప్రభుత్వం చేసే దయ కాదు, లెక్క సరిగ్గా రావడానికి అవసరమైన పని.

కట్టల భద్రత కూడా ఇందులోకే వస్తుంది. వనపర్తి జిల్లాలో సరళాసాగర్ ఉంది. నీటి మట్టం పెరిగినప్పుడు మనిషి ప్రమేయం లేకుండా వాటంతటవే తెరుచుకునే సైఫన్లతో సంస్థానాల కాలంలో తలపెట్టిన ప్రాజెక్టు అది. 2019 డిసెంబరు 31న దాని మట్టికట్ట తెగి నీళ్లన్నీ పోయాయి. నేల కుంగుబాటును రాడార్ సెంటీమీటర్లలో పట్టగలదు. ప్రతి చిన్న కట్టనూ ఆకాశం నుంచే కాపాడవచ్చని ఎవరూ అనరు. గడ్డీ తుమ్మ చెట్లూ మొలిచిన మట్టికట్ట మీద ఆ కొలత కష్టం. పెద్ద కట్టల మీద మాత్రం ఇంజనీరు కన్నుకు తోడుగా ఈ కొలతను మొదలుపెట్టడానికి నైసార్‌తో అవకాశం వచ్చింది.

కరవు దగ్గర సంగతి వేరు. ఇక్కడ ఉపగ్రహం రైతుకు అండగానూ నిలవగలదు, ఎదురుగానూ నిలవగలదు.

2015 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం 7 జిల్లాల్లో 231 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించింది. మహబూబ్‌నగర్‌లో ఉన్న 64 మండలాలూ అందులో ఉన్నాయి. నల్లగొండలో 59కి 22 మాత్రమే వచ్చాయి. ఆ ఏడు నల్లగొండ బత్తాయి తోటల్లో బోర్లు ఎండి, ఏళ్ల తరబడి పెంచిన చెట్లను రైతులు నరికేసుకున్నారు. మిగిలిన 37 మండలాల్లో జనం అడిగిన ప్రశ్న ఒకటే: మా దగ్గర మాత్రం వాన పడిందా? మరుసటి ఏడు, 2016లో, కేంద్ర వ్యవసాయ శాఖ కరవు నిర్వహణకు కొత్త నియమావళి తెచ్చింది. వాన లోటు, వరసగా వానలేని వారాలు మొదటి మెట్టు. ఆ తరువాత సాగైన విస్తీర్ణం, ఉపగ్రహం చూసిన పచ్చదనం, మట్టిలో తేమ, జలాశయాల్లో నీళ్లు అన్నీ చూడాలి. చివరగా కొన్ని ఊళ్లను ఎంచుకుని పొలాల్లోకి దిగి సరిచూడాలి. కాగితం మీద ఇది పాత పద్ధతి కంటే మేలైనదే. రాజకీయ పలుకుబడి ఉన్న మండలానికి కరవు, లేని మండలానికి వానలు అనే పాత రోగానికి ఇది మందు.

అయితే మండలం మొత్తానికి తీసే సగటు ఈ నేల మీద మోసం చేస్తుంది. సాగర్ ఎడమకాలువ కింద మండలంలో సగం ఊళ్లకు నీళ్లొస్తే అక్కడ వరి పచ్చగా ఉంటుంది. కాలువ చివర ఊళ్లలో పత్తి మాడిపోతుంది. సగటు తీస్తే మండలం బాగానే ఉందని తేలుతుంది. ఇంకా ముఖ్యమైన సంగతి, బీళ్లలో పెరిగే సర్కారు తుమ్మ ఎండాకాలంలో కూడా పచ్చగానే ఉంటుంది. రైతు విత్తనమే వేయని చేనులో తుమ్మ మొలిస్తే 250 మీటర్ల గడితో చూసే ఉపగ్రహానికి అది కూడా పచ్చదనమే. ఆ ఒక్క గడిలో పదిహేను ఎకరాలు ఇమిడిపోతాయి. పత్తిలో వేసిన కంది సాళ్లు మరో తికమక. పత్తి పోయినా కంది నిలిస్తే సూచీ పడిపోదు, రైతు అప్పు మాత్రం పత్తి మీదే ఉంటుంది.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. కెన్యా ఉత్తర భాగంలోని మార్సాబిట్ ప్రాంతంలో 2010 జనవరిలో పశువుల కాపరుల కోసం ఒక బీమా మొదలైంది. ఉపగ్రహం చూసిన మేత పచ్చదనం ఒక గీత కంటే తగ్గితే చాలు, ఏ పశువు ఎలా చచ్చిందని అడక్కుండా డబ్బు ఇస్తారు. చాలా మందికి మేలు జరిగింది. కానీ కొన్నిచోట్ల పచ్చదనం గీత దాటలేదు, పశువులు మాత్రం పోయాయి. చిత్రానికీ బతుక్కీ మధ్య ఉన్న ఈ ఎడాన్ని తగ్గించడానికి అక్కడి పరిశోధకులు ఏళ్లుగా కొలతలు మారుస్తూనే ఉన్నారు. దేశంలో గొర్రెలు అన్నింటికంటే ఎక్కువ ఉన్న రాష్ట్రం తెలంగాణ. వాటి మందలతో పాలమూరు గొల్ల కురుమలు మేత కోసం జిల్లాలు దాటి పోతారు. ఎక్కడ గడ్డి మిగిలిందో, ఎక్కడ కుంటలో నీళ్లున్నాయో వారానికోసారి ఫోన్‌కు పంపితే అది వాళ్లకు ఏ బీమా కన్నా ముందు అక్కరకొస్తుంది. ఈ ఆలోచన ఇక్కడ ఇంకా ఎవరి బల్ల మీదకూ రాకపోవడం బాధాకరం.

పెట్టుబడి సాయం సాగు చేసిన భూములకే ఇవ్వాలన్న మాట వచ్చినప్పుడల్లా ఇక్కడ ఉపగ్రహం పేరు వినిపిస్తోంది. గుట్టలకూ రోడ్లకూ డబ్బు పోవద్దన్నది న్యాయమైన మాటే. కానీ చిత్రం చూసి సాగు లేదని తేల్చిన ప్రతి చోటా రైతుకు ముందుగా నోటీసు ఇవ్వాలి, ఆ చిత్రం చూపించాలి, మనిషి వచ్చి పొలం చూడాలి. అప్పటిదాకా సాయం ఆగకూడదు. ఆ చూసే మనిషి వ్యవసాయ విస్తరణాధికారే కావాలంటే ఆయన మీద ఎంత పని పడుతోందో కూడా లెక్కపెట్టాలి. 2024లో డిజిటల్ పంట సర్వే భారం మోయలేమని ఏఈఓలే ఆందోళనకు దిగిన సంగతి మరవకూడదు. ఉపగ్రహం ఉంది కదా అని మనుషులను తగ్గించుకుంటే ఈ వ్యవస్థ కూలుతుంది. చిత్రాలు పెరిగేకొద్దీ వాటిని పొలంలో సరిచూసే చేతులూ పెరగాలి.

భూగర్భజలం దగ్గర ఆకాశం చూపు బాగా మసకబారుతుంది. 2002లో వెళ్లిన గ్రేస్ అనే జంట ఉపగ్రహాలు భూమి ఆకర్షణలో వచ్చే సూక్ష్మమైన మార్పును బట్టి నేల కింది నీటి బరువును అంచనా కట్టాయి. 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు వరకు రాజస్థాన్, పంజాబ్, హర్యానాల్లో కలిపి 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం తరిగిందని 2009లో నేచర్ పత్రిక ప్రచురించిన పరిశోధన ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది. అదే ఉపగ్రహాలను నల్లగొండ గురించి అడిగితే జవాబు రాదు. అవి దాదాపు లక్షన్నర చదరపు కిలోమీటర్ల మేరను ఒకే ముద్దగా చూసేవి. తెలంగాణ మొత్తం అంతకంటే చిన్నది. పైగా గ్రానైట్ నేలలో నీళ్లు రాతి పగుళ్లలో ఉంటాయి. ఒక బోరులో నీళ్లు పడి, ఇరవై గజాల అవతల దుమ్ము లేవడం ఇక్కడ ప్రతి రైతు కుటుంబానికీ తెలిసిన కథే.

పగుళ్ల జాడ తీయడంలో మాత్రం చిత్రాలు పనికొస్తాయి. తాగునీటి మిషన్ కోసం ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉపగ్రహ చిత్రాల్లో రాతి చీలికల రేఖలను గుర్తించి, నీళ్లు దొరికే అవకాశం ఉన్న చోట్లను చూపించే పటాలను తయారు చేసింది. అవి బోరు వేసే రైతు చేతికి వచ్చి ఉంటే ఎన్ని లక్షల అప్పులు తప్పేవో. ఆ పటాలు కార్యాలయాల్లో ఉన్నాయి, రిగ్గు బండి మాత్రం కొబ్బరికాయ తిరిగిన చోటికే పోతోంది.

ఈ ప్రాంతం ప్రపంచానికి చూపించిన మంచి ఉదాహరణ ఒకటి నేల మీదే పుట్టింది. 2003లో మొదలైన రైతుల భూగర్భజల నిర్వహణ పథకం ఉమ్మడి రాష్ట్రంలోని 7 కరవు జిల్లాల్లో నడిచింది. వాటిలో మహబూబ్‌నగర్, నల్లగొండ ఉన్నాయి. నెదర్లాండ్స్ డబ్బు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటు, స్థానిక స్వచ్ఛంద సంస్థల పని. రైతులే, ఆడవాళ్లూ మగవాళ్లూ, రోజూ వాన కొలిచారు. ఎంచుకున్న బావుల్లో పదిహేను రోజులకోసారి నీటి మట్టం చూశారు. మోటరు ఎంత పోస్తోందో లెక్కగట్టారు. ఆ అంకెలను ఊరి మధ్య గోడ మీద అందరికీ కనబడేలా రాశారు. యాసంగి మొదలయ్యే ముందు కూర్చుని, నేల కింద ఇంత ఉంది, వరి వేస్తే ఇంత తాగుతుంది, పల్లి వేస్తే ఇంత తాగుతుంది అని నీటి బడ్జెట్ వేసుకున్నారు. బోరు వేయొద్దని ఎవరూ నిర్బంధించలేదు, సబ్సిడీ ఆశ చూపలేదు. చాలా చోట్ల రైతులు తమంతట తాముగా వరి తగ్గించి తక్కువ నీళ్ల పంటలకు మళ్లారు. 2010లో ప్రపంచ బ్యాంకు భారత భూగర్భజలాలపై తెచ్చిన నివేదిక ఈ అనుభవానికి పెద్దపీట వేసింది. పథకం డబ్బు అయిపోయాక అంత వెడల్పున ఆ పనిని భుజాన వేసుకున్న వాళ్లు లేరు. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. మోటరుకు విరామం అక్కర్లేని రోజుల్లో నీటి లెక్క మరీ అవసరం. అప్పుడు ఆ రైతుల దగ్గర లేనిది పైనుంచి వచ్చే పంట పటం. ఇప్పుడు పంట పటం ఉంది, బావిలో టేపు దించే మనుషులు లేరు. రెండూ ఒకేసారి ఉండే రోజు రావాలని ఈ ప్రాంతం ఎదురుచూడాలా, లేక అడగాలా? అడగాలి.

నల్లగొండకు అడగడం కొత్త కాదు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన ఈ జిల్లా 1996 లోక్‌సభ ఎన్నికల్లో 480 మంది అభ్యర్థులను నిలబెట్టింది. జలసాధన సమితి పిలుపుతో రైతులూ ఫ్లోరోసిస్ బాధితులూ నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. తమను ఎవరూ చూడటం లేదన్న బాధ చేయించిన పని అది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమైన ఫ్లోరైడ్‌ను ఏ ఉపగ్రహమూ చూడలేదు. పటిక, సున్నంతో దాన్ని తీసే నీరి సంస్థ పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది. మర్రిగూడ లాంటి మండలాల్లో ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాలో వస్తున్నా, పొలం దగ్గర దాహమేస్తే తాగేది బోరు నీళ్లే. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ చుట్టుపక్కల, చౌటుప్పల్ పరిసరాల్లో నీళ్ల రంగు మారిందని జనం చేసే ఫిర్యాదులకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ కావాల్సింది సీసాలో పట్టిన నీళ్లు, పరీక్ష చేసే ల్యాబ్, ఫలితం బయటపెట్టే ధైర్యం. ఉపగ్రహ పటం రంగులు చూపించి ఈ పరీక్షలను ఎగ్గొట్టడానికి వీల్లేదు.

నల్లమలలో ఉపగ్రహం పని ఇప్పటికే కనిపిస్తోంది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఫిబ్రవరి నుంచి మంటల కాలం. భారత అటవీ సర్వే 2004 నుంచి మోడిస్ పరికరంతో, ఆ తరువాత 375 మీటర్ల గడి ఉన్న విర్స్ పరికరంతో మంటలను గుర్తించి అటవీ సిబ్బంది ఫోన్లకు సందేశాలు పంపుతోంది. ఒక గడి అంటే దాదాపు 35 ఎకరాల అడవి. ఆ 35 ఎకరాల్లో మంట ఏ లోయలో ఉందో, ఏ దారిన పోతే ముందు చేరతామో తెలిసింది చెంచులకు. సందేశం పెంటలనే వాళ్ల గూడేలకూ వెళ్లాలి, ఆర్పడానికి వెళ్లిన వాళ్లకు కూలీ సరిగ్గా అందాలి.

కృష్ణ ఒడ్డున దామరచర్ల దగ్గర ఇంకో అవకాశం కళ్ల ముందుంది. 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రంలో మొదటగా ఒక 800 మెగావాట్ల యూనిట్‌ను 2024 డిసెంబరు 7న ప్రారంభించారు. నల్లగొండ పట్టణం అప్పటికే జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉంది. చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. 2017 అక్టోబరులో వెళ్లిన సెంటినల్-5పి ఉపగ్రహం గాలిలో నైట్రోజన్ డయాక్సైడ్‌ను రోజూ కొలుస్తోంది. అంటే ఈ కేంద్రం చిమ్నీ వెలగకముందు ఆరేళ్ల గాలి ఎలా ఉందో రికార్డు ఉంది. బొగ్గు కాల్చడం మొదలయ్యాక ఎలా మారిందో పక్కన పెట్టి చూడవచ్చు. ఆ ఉపగ్రహం చూసేది నేల నుంచి పైదాకా ఉన్న గాలి స్తంభం మొత్తాన్ని. మనిషి పీల్చే గాలి ఎంత చెడిందో చెప్పాలంటే వీర్లపాలెం లాంటి ఊళ్లలో నేల మీద యంత్రాలు పెట్టాలి. ఫ్యాక్టరీ తన పొగ గురించి తానిచ్చే లెక్కకు మాత్రం ఇది గట్టి జోడీ. బడ్డీ కొట్టు దగ్గర బూడిద గురించి మాట్లాడుకునే మనిషికి ఈ రెండు చిత్రాలు చూసే హక్కు ఉంది.

బయటపెట్టడం వల్ల ఏమవుతుందో బ్రెజిల్ చూపించింది. అక్కడి జాతీయ అంతరిక్ష పరిశోధన సంస్థ ఇన్పె 1988 నుంచి ఏటా అమెజాన్ అడవి ఎంత నరికారో ఉపగ్రహాలతో లెక్కగట్టి అందరికీ చూపిస్తోంది. 2019లో నరికివేత పెరిగిందని ఆ అంకెలు చెప్పాయి. దేశాధ్యక్షుడు బోల్సొనారోకు అవి నచ్చలేదు. సంస్థ అధిపతి రికార్డో గల్వావు తన శాస్త్రవేత్తల లెక్క వెనక నిలబడి ఆ ఆగస్టులో పదవి పోగొట్టుకున్నారు. అంకెలు అప్పటికే అందరి చేతుల్లో ఉన్నాయి కనక వాటిని దాచడం ఎవరి తరమూ కాలేదు.

మన దగ్గర చట్టం అడ్డం రావడం లేదు. 2023 భారత అంతరిక్ష విధానం 5 మీటర్లు, అంతకంటే పెద్ద గడి ఉన్న మన ఉపగ్రహ చిత్రాలను అందరికీ ఉచితంగా ఇవ్వాలంది. ఎన్‌ఆర్‌ఎస్‌సీ భువన్ పోర్టల్ 2009 నుంచి ఉంది. ఉపాధి హామీలో తవ్విన కుంటలకు, కట్టిన రాతి కట్టలకు ఫొటోలు తీసి స్థలం గుర్తు పెట్టింది కూడా అందులోనే. కూలీ ఎక్కడ తవ్వాడో పైకి చెప్పడానికి దారి వేసిన వాళ్లు, ఆ కుంటలో నీళ్లు నిలిచాయా అన్నది కిందికి చెప్పడానికి కూడా దారి వేయగలరు.

అందుకు కొత్త భవనం అక్కర్లేదు. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు ఉన్నాయి. కొన్నింటిలో వీడియో తెరలూ వచ్చాయి. ఏటా జూన్‌లో, అక్టోబరులో రెండుసార్లు ఆ వేదిక పరిధిలోని ప్రతి చెరువు నీటి వరస, పంటల పటం, వాన లెక్క తెలుగులో అచ్చువేసి గోడకు పెట్టాలి. గ్రామసభలో చదివి వినిపించాలి. తప్పుంటే ఎవరైనా రాతపూర్వకంగా చెప్పవచ్చు, పదిహేను రోజుల్లో మనిషి వచ్చి చూడాలి. కరవు ప్రకటనకు వాడిన సూచీలను మండలం కాకుండా ఊరి స్థాయిలో, ప్రకటనకు ముందే బయటపెట్టాలి. ఇంటర్, డిగ్రీ చదివిన పిల్లలకు పాలమూరు విశ్వవిద్యాలయం, నల్లగొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం చిత్రం చదవడం నేర్పి, బావుల్లో నీటి మట్టం కొలిచే పనికి నెలకింత జీతం ఇచ్చి పెట్టుకోవచ్చు. వలస పోవాల్సిన వయసులో ఊళ్లోనే చేసుకోదగ్గ పని అది. మొదటి ఏడాది రాష్ట్రమంతా కాకపోయినా ఫర్వాలేదు. మర్రిగూడ, మునుగోడుతో అటు, మక్తల్, గట్టుతో ఇటు మొదలుపెట్టి, వచ్చే వానాకాలం విత్తనాలు పడేలోపే మొదటి పటం గోడ మీదికి తేవడానికి ఎన్‌ఆర్‌ఎస్‌సీకీ వ్యవసాయ శాఖకూ సమయం ఉంది.